వకుళ నన్ను ఇచ్చేసిన రోజు

నేను ఒక హార్మోనియాన్ని. తెనాలిలో నాటకాలవాళ్లకి హార్మోనియాలు చేసే నాగూర్ సాహెబు చేతుల్లో పుట్టాను. కొన్నాళ్లు ఒక నాటక సమాజంలో రాజుల ఏడుపులకీ రాణుల అలకలకీ శ్రుతి పట్టాను. సమాజం మూతపడ్డాక అక్కడ నన్ను వాయించే ముసలాయన తన మనవరాలు వకుళకి ఇచ్చాడు. ఆ పిల్ల కాలేజీ నుంచి వస్తూనే పుస్తకాలు మంచం మీద పడేసి నా ముందు కూర్చునేది. కంచంలో అన్నం చల్లారిపోయేది.

అలాంటిది ఒకరోజు నన్ను దుప్పట్లో చుట్టి రిక్షా ఎక్కించింది. రిపేరుకేమో అనుకున్నాను. రిక్షా శ్రీకంఠం గారింటి ముందు ఆగింది. ఆయన కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతారు. ఆ మధ్య ఒక నవల రాశారు. అందులో విమల అనే అమ్మాయి ప్రేమ, అసూయ, కోపం అన్నీ మనసు చేసే పొరపాట్లేనని తెలుసుకుంటూ పెద్దదవుతుంది. చివరికి కోరికే దుఃఖానికి మూలమని, ప్రాణంలా చూసుకునే వీణని ఎవరికో ఇచ్చేస్తుంది. మర్నాటికల్లా శాంతి దొరుకుతుంది. చదివినవాళ్లంతా ఆహా అని, పుస్తకం మూసి ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. వకుళ ఒక్కతే నమ్మింది. నన్ను తెచ్చి ఆయన ముందు దించింది.

“విమల వీణ ఇచ్చేసింది కదండీ, నేనూ దీన్ని తెచ్చాను. కొన్నాళ్లుగా ముట్టుకోవడం లేదు. ఆమెకి మర్నాడే శాంతి వచ్చింది. నాకెప్పుడొస్తుందండీ?”

నా తిత్తిలో గాలి ఆగిపోయింది. విసుగొచ్చి అమ్మేసేవాళ్లని చూశాను. ప్రేమించినందుకే వదిలించుకునే మనిషిని అప్పుడే చూశాను. శ్రీకంఠం గారి మొహం పాలిపోయింది.

“అది నవలమ్మా,” అన్నారు.

“అంటే అబద్ధమా అండీ?”

లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య కామేశ్వరమ్మ, “కాఫీ ఆలస్యమైతే పొద్దంతా మాట్లాడని మనిషి రాసింది నమ్మావా తల్లీ?” అంది. ఎగతాళిగా కాదు, భయంగా.

ఆయన నా మీది దుప్పటి తీశారు. “వాయించాలనిపిస్తోందా?”

“రోజూ అనిపిస్తోంది. అందుకే సిగ్గుగా ఉంది.”

“సిగ్గుపడాల్సింది నేను. దేన్నీ నీలా కోరుకోకుండానే, వదులుకోవడం గురించి రాసేశాను.”

ఆయనే నన్ను మళ్లీ రిక్షాలో పెట్టారు. నవల రెండో ముద్రణలో విమల వీణ వెనక్కి తెచ్చుకుంది. తత్త్వం పలచబడిందని విమర్శకులు పెదవి విరిచారు. వకుళ సంగీతం టీచరైంది.

ఇప్పుడు ఊరి లైబ్రరీలో అద్దాల బీరువాలో ఉన్నాను. నవల వెనక కథ సగమే విన్నవాళ్లెవరో ‘శ్రీకంఠం గారు సాధన చేసిన హార్మోనియం’ అని ముందు ఒక అట్టముక్క పెట్టారు. పాపం, ఆయనకి సరిగమలు కూడా రావు. రీడ్లు పాడై, బాగుచేసేవాళ్లు దొరక్క నన్నిక్కడికి తెచ్చింది వకుళే. లైబ్రేరియన్ కుర్చీ వేస్తే కూర్చుని, అందరూ చూస్తుండగానే కరువుతీరా ఏడ్చి, మొహం తుడుచుకుని వెళ్లింది.