అక్కకి దాహం వేస్తే

పొద్దున్నే షెడ్డు షట్టరు ఎత్తగానే మెకానిక్ రెండు బిందెల నీళ్ళు పట్టేవాడు. ఒకటి బళ్ళకి, ఒకటి అక్కకి. అక్క గుమ్మం పక్కన పీట వేసుకుని, డబ్బాల్లో కలగాపులగంగా పడున్న బోల్టులన్నీ సైజుల వారీగా ఏరుతూ కూర్చునేది. ఏరుతున్నదల్లా చెయ్యి ఆపి, నాలుక చప్పరించి, "ఒరేయ్, పాలవ్యాను" అనేది. చెంబెత్తి గటగటా తాగుతూనే ఉండేది. తమ్ముడు వెంటనే పాలవ్యాను డ్రైవరుకి ఫోన్ కొట్టేవాడు.

"అన్నా, బండి పక్కకి ఆపు. రేడియేటర్లో నీళ్ళు చూసుకో."

అవతలివాడు "ఆఁ, చూస్తున్నా" అన్నాడంటే చాలు, అక్క చెంబు దించేసేది.

ఆ షెడ్డులో రిపేరైన బండి ఏదైనా సరే, ఇంజన్లో నీళ్ళు తగ్గితే దాహం అక్కకి వేసేది. స్కూలు బస్సుది తుప్పు రుచి, పాలవ్యానుది చేదు, పూల టెంపోది ఉప్పదనం. బండి నడిపేవాడికి తెలియనంతసేపే ఆ దాహం. తెలిసిందా, ఆ క్షణమే పోతుంది. డ్రైవర్లందరికీ ఇదెంత అలవాటంటే, దూరం బయల్దేరే ముందు "అక్కకి ఒంట్లో బాగానే ఉంది కదా?" అని వాకబు చేసి మరీ వెళ్ళేవాళ్ళు. పెద్ద స్వార్థపరులు లెండి, ఒక్కడైనా ఆవిడకి ఓ కొత్త చెంబు కొనిచ్చిన పాపాన పోలేదు.

ముప్ఫై ఏళ్ళు అలా తాగీ తాగీ అక్క కాళ్ళు వాచిపోయాయి. రెండు మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు గుండె పరీక్ష చేసి, "రోజుకి లీటరున్నర దాటకూడదు. మొత్తం ఎన్ని బళ్ళు?" అని అడిగాడు.

"ఇప్పుడు తిరుగుతున్నవి పదకొండండీ."

"అయితే బళ్ళ సంగతి ముందు చూడు. ఇలాగే తాగితే ఈవిడ ఏడాది కూడా బతకదు."

మెకానిక్‌కి ఆ అక్క తప్ప ఇంకెవరూ లేరు. వాడికి నాలుగేళ్ళప్పుడే అమ్మానాన్నా పోతే, చంకనేసుకుని పెంచింది. అందుకే ఆ వేసవంతా వేరే పని ముట్టలేదు. ఒక్కో బండినీ పిలిపించి, నీళ్ళు తగ్గితే దీపం వెలిగి బజరు మోగే సెన్సరు బిగించాడు. దీపం ముందే చెప్పేస్తే ఇక అక్కతో పనేముంది? ఒక్కో బండికీ బిగించినకొద్దీ అక్క దాహం తగ్గుతూ వచ్చింది. పది బళ్ళయ్యాయి.

పదకొండోది ఇల్లుబండి. రిటైరైన లెక్కల మాస్టారిది. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు, కిటికీకి పూల పరదా. మాస్టారూ ఆయన భార్యా అందులోనే కాపురం పెట్టి ఊళ్ళు తిరుగుతుంటారు. దీని రేడియేటర్ ట్యాంకు ఇనుపది. ప్లాస్టిక్‌దైతే సెన్సరు పైన అతికించేస్తే సరిపోయేది. దీనికి రేడియేటర్ పైగొట్టం కోసి, మధ్యలో మూడు మూతుల ముక్క దూర్చి, దాన్లో సెన్సరు పుల్ల దించి, అటూ ఇటూ క్లిప్పులు బిగించాడు. ఒక వైరు ఛాసిస్‌కి, ఒకటి ఫ్యూజు మీదుగా ఇంజను తాళం దగ్గరికి, ఒకటి డ్యాష్‌బోర్డు మీది దీపానికి. తర్వాత నీళ్ళు పోసి, ఇంజను స్టార్ట్ చేసి, బుడగలన్నీ పోయేదాకా గొట్టం పిసుకుతూ నిలబడ్డాడు.

పరీక్షించడానికి ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. ఓనరుకి చెప్పకుండా రెండు లీటర్లు దింపేసి, ఒక రౌండు కొట్టి రమ్మంటారు. మాస్టారు వీధి చివర మలుపు తిరిగారో లేదో, బజరు కుయ్యిమంది. వెనక్కి తెచ్చి, "ఏమోయ్, నా మీదే పరీక్షా!" అని ఒకటే నవ్వు.

మెకానిక్ అక్క వైపు తిరిగాడు. "దాహం?"

"ఊహూఁ." అక్క నాలుక చప్పరించి చూసుకుంది. "ఏ రుచీ లేదురా. ఇన్నాళ్ళకి నా నోరు నాకొచ్చింది."

వాడి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆరోజు అక్క ఒక్క గ్లాసే తాగింది. మర్నాడు అరగ్లాసు. ఆ తర్వాత అదీ లేదు. కాళ్ళ వాపు తీసిందని వాడు మురిసిపోతున్నాడే గానీ, బిందె నింపింది నింపినట్టే ఉందని చూడలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి వేసిన దాహంలో ఒక్క గుక్కైనా తనది కాదని వాడికేం తెలుసు? ఆవిడకే తెలియదు. సొంత దాహం ఎప్పుడో ఎండిపోయింది. ఆరో రోజు అక్క బోల్టుల డబ్బాల మీదే పడిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు తల పట్టుకున్నాడు. "కిడ్నీలు ఆగిపోతున్నాయి. సెలైన్ ఎక్కువ ఎక్కిస్తే గుండె తట్టుకోదు. నోటితో తాగాలి, వేరే దారి లేదు."

కానీ తాగితేగా! చెంచాతో పోసినా గొంతు దిగేది కాదు. పెదాల పక్కనుంచి దిండు మీదికి కారిపోయేవి. "నా తల్లివి కదే, ఒక్క గుక్క" అని వాడు బతిమాలేవాడు. "దాహం లేదురా, ఏం చెయ్యను" అనేది అక్క, తనదే తప్పన్నట్టు.

మూడో రోజు పొద్దున మాస్టారూ ఆయన భార్యా చూడ్డానికొచ్చారు. అటునుంచి అటే కొండ దారి పట్టి అవతలి ఊరికి వెళ్తారట. మాస్టారి భార్య మంచం మీద కూర్చుని, అక్క చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, జుట్టు సవరించింది. "లేచి తిరుగు వదినా, తిరిగొచ్చేటప్పుడు నిన్ను మా బండెక్కించుకుంటాం" అంది.

మెకానిక్ "ఇప్పుడే వస్తా" అని కిందికి దిగాడు. ఇల్లుబండి చెట్టు కింద ఆగి ఉంది. తలుపు తాళం వెయ్యరు, ఆ సంగతి వాడికి తెలుసు. సెన్సరు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. పైగొట్టం క్లిప్పు సగం తిప్పు వదులు చేశాడు. ఇంకో సగం తిప్పాడు. పైకి వెళ్ళి వాళ్ళిద్దరికీ దణ్ణం పెట్టి సాగనంపాడు.

పదకొండున్నరకి అక్క కళ్ళు తెరిచింది. "ఒరేయ్, నీళ్ళు."

వాడు గ్లాసు అందించాడు. గటగటా తాగేసింది. ఇంకోటి. ఇంకోటి. నర్సు పరుగున వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. "తాగనివ్వండి, తాగనివ్వండి!" అన్నాడు డాక్టరు. నాలుగో గ్లాసు సగంలో అక్క ఆగింది.

"కిరసనాయిలు రుచి. మాస్టారి బండిరా ఇది. ఫోన్ చెయ్యి."

వాడు వరండాలోకి వెళ్ళాడు. ఫోన్ తీసి, మాస్టారి నంబరు చూస్తూ నిలబడి, తిరిగొచ్చాడు.

"చేశానక్కా. బండి ఆపి చూసుకుంటామన్నారు."

అక్క వాడి ముఖంలోకి చూసింది.

"మరి ఇంకా దాహం వేస్తోందేంట్రా?"

వాడు తల దించుకున్నాడు. "ఇంకొక్క గ్లాసు. ఇదొక్కటీ తాగవే, చేస్తాను."

"పాపిష్టివాడా, వాళ్ళు కొండెక్కుతున్నార్రా!" అంది. అరిచే ఓపిక లేదు. గ్లాసు విసిరికొడదామని చెయ్యెత్తింది. ఆ చెయ్యే గ్లాసుని నోటికి తెచ్చింది. కళ్ళు ధారలు కడుతుంటే తాగింది. తాగి, మళ్ళీ చెయ్యి చాపింది. వాడు వంచిన తల ఎత్తకుండా పోశాడు. అలా ఏడు గ్లాసులు.

ఎనిమిదోది పెదాల దగ్గర ఉండగానే దాహం టక్కున ఆగిపోయింది. డ్రైవరుకి తెలిసినా ఆగుతుంది, బండి చచ్చిపోయినా ఆగుతుంది. మెకానిక్ గబగబా నంబరు నొక్కాడు. అవతల మోగుతూనే ఉంది. మళ్ళీ నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం డాక్టరు రిపోర్టులు చూసుకుంటూ వచ్చాడు. కిడ్నీలు మళ్ళీ పనిచేయడం మొదలెట్టాయట. నవ్వు ముఖంతో అక్క భుజం తట్టాడు.

"గండం గడిచిందమ్మా."

అక్క తమ్ముడి చేతిలోని ఫోన్ వంకే చూస్తోంది.

"ఎవరికండీ?" అంది.