మెడ తిరిగే వైపు

"క్లచ్ మీద కాలు ఒక్కసారే ఎత్తమాకమ్మా. గ్యాస్ పొయ్యి సిమ్ముకు తిప్పుతావే, అంత నెమ్మది," అంది తస్లీమ్.

స్టీరింగ్ పట్టుకున్న సుకన్య తల ఊపింది గాని, కాలు మాత్రం ఒక్కసారే ఎత్తింది. బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. తస్లీమ్ విసుక్కోలేదు. నేర్పేవాళ్ళ కోసం ఎడమ సీటు ముందు అమర్చిన రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించి కూర్చోవడం ఆమెకు పందొమ్మిదేళ్ళ అలవాటు. ఆ కాలి మోకాలు ఇప్పుడు మెట్లు ఎక్కనివ్వడం లేదు. బురఖా చేతులు మోచేతుల దాకా మడిచి పిన్నీసులు పెట్టుకుంటుంది. కిటికీ వైపు ఉండే ఎడమ చెంప, కుడి చెంప కంటే ఒక ఛాయ నల్లబడింది.

"మళ్ళీ స్టార్ట్ చెయ్. గేటు దగ్గర ఆగి ఏం చూస్తావు?"

"ముందు కుడి. తర్వాత ఎడమ. మళ్ళీ కుడి."

"ముందు కుడే ఎందుకు?"

"మనల్ని గుద్దే బండి ముందు కుడి నుంచే వస్తది కాబట్టి."

అది తస్లీమ్ మాటే. నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన ఉన్న ఈ డ్రైవింగ్ స్కూలు గ్రౌండులో ఆ మాట అప్పజెప్పకుండా ఏ ఆడపిల్లా బండి బయటికి తీయలేదు. టీచర్లు, నర్సులు, మిల్లు ఓనర్ల కోడళ్ళు, అందరూ ఆ మాట మీదుగానే రోడ్డెక్కారు.

పక్కనుంచి తెల్లటి కొత్త కారు చప్పుడు లేకుండా దాటిపోయింది. వినబడిందల్లా లోపల ఆడవాళ్ళ నవ్వులే. చినుకు లేకపోయినా దాని అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమని తిరుగుతున్నాయి.

"రామాయమ్మ మేడమ్ మళ్ళీ వైపర్ వేసింది," సుకన్య ముచ్చటగా అంది. "కువైట్ కార్లలో ఇండికేటర్ అటు పక్క ఉంటదంట కదక్కా?"

పందొమ్మిదేళ్ళుగా తను అందరికీ తస్లీమక్క. రామాయమ్మ కువైట్ నుంచి వచ్చి ఇక్కడ నేర్పడం మొదలెట్టిన ఇరవై రోజుల్లోనే మేడమ్ అయింది. తను ఒక్కసారి ఇండికేటర్ మరిచిపోతే నామర్దా. ఆమె రోజుకు నాలుగుసార్లు తప్పు మీట నొక్కితే ముచ్చట.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి ఓనరు శ్రీకాంత్ వస్తాడు. కొత్త బండీ, లేడీస్ బ్యాచూ ఇద్దరిలో ఒక్కరికే ఇస్తాడు. రెండో ఆమె ఇక ఆఫీసు గదిలో కూర్చుని లైసెన్సు ఫారాలు నింపాలి. పాత బండిని అమ్మేస్తున్నారు. ఫ్యాను కింద కుర్చీ మోకాలికి మంచిదేనని భర్త రహీమ్ పొద్దున కూడా అన్నాడు. ఆ మాటకు తస్లీమ్ పెనం మీది రొట్టె తిరగేయడం మరిచిపోయింది.

తొమ్మిదిన్నరకు ఎండ ముదిరింది. రేకుల షెడ్డు కిందికి అందరూ చేరారు. రామాయమ్మ నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని బల్ల మీద కూర్చుంది. పొట్టి మనిషి. కాళ్ళు నేలకు అందక ఊగుతున్నాయి. నలభై రెండేళ్ళు ఉంటాయి గాని, పదకొండేళ్ళు ఏసీ బళ్ళలో తిరిగిన ఒళ్ళు నున్నగా ఉంది. గోళ్ళు సమంగా కత్తిరించి ఉన్నాయి. ఒకప్పుడు ఆ వేళ్ళ సందుల్లో మిరపకాయల మంట ఎర్రగా పొక్కి ఉండేది. అది తస్లీమ్‌కు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

"కువైట్‌లో రోడ్డు మర్యాదలు చెప్పండి మేడమ్," అంది ఒక పిల్ల.

"మర్యాదా? చానా గొప్ప మర్యాదలే. నూట ఇరవైలో పోతున్నా సరే, వెనకొచ్చి తోక పట్టుకుంటారు. టపటపా లైట్లు కొడతారు. జరగకపోతే పక్క మట్టిలోంచి బండి తీసుకుపోతారు. వొళ్ళో పిల్లోడు, చేతిలో ఫోను, మోకాళ్ళతో స్టీరింగు. నేను పనిచేసిన ఇంటి మేడమ్ వాళ్ళ అన్న అట్టాగే తోలేవోడు."

"అమ్మో. హారన్ కొట్టరా?"

"హారన్ కొడితే తిట్టినట్టు. కొట్టామో, దిగొచ్చి కొట్లాడతారు. మన దగ్గర కొట్టకపోతే తిడతారు గదా. ఇంకోటి విను. నేను పోయిన కొత్తలో సిగ్నల్ దగ్గర ఒకాయన అద్దం దించి ఇట్టా చూపించాడు." రామాయమ్మ ఐదు వేళ్ళూ గుత్తిగా చేర్చి పైకీ కిందికీ ఆడించింది. "అన్నం తిన్నావా అని అడుగుతున్నాడు గామాల అనుకున్నా. పాపం మంచోడు అనుకుని, తిన్నానండీ అని తలూపా. ఆయన మళ్ళీ చూపిచ్చాడు, నేను మళ్ళీ తలూపా, నవ్వతా. ఇంటికొచ్చినాక తెలిసింది. ఆగవే, ఓపిక లేదా నీకు, అని అంట దానర్థం."

షెడ్డు నవ్వులతో ఊగిపోయింది. ఒకామె కళ్ళు తుడుచుకుంది. తస్లీమ్ కూడా పెదవులు కదిపింది. పందొమ్మిదేళ్ళలో ఈ షెడ్డు కింద తన మాటకు ఎవరైనా ఇలా నవ్వారా అని వెతుక్కుంది. క్లచ్, బ్రేకు, కుడి, ఎడమ. నవ్వడానికి అందులో ఏముంది.

అవన్నీ తను చెప్పవలసిన కథలు. పదకొండేళ్ళ కిందట ఏజెంటు ముందు అడిగింది తస్లీమ్‌నే. కువైట్‌లో ఒక పెద్దింటి ఆడపిల్లలను కాలేజీకి తీసుకెళ్ళడానికి ఆడ డ్రైవరు కావాలన్నాడు. తస్లీమ్ పాస్‌పోర్టు కోసం నీలం తెర ముందు కూర్చుని ఫోటో కూడా దిగింది. అప్పుడే, లారీలు బాగుచేసే తండ్రి పీర్ సాహెబ్‌కు పక్షవాతం వచ్చింది. తన కూతురు ముస్కాన్‌కు అప్పటికి ఆరేళ్ళు. వెళ్ళడం కుదరలేదు. ఉచిత శిక్షణలో తన దగ్గర నేర్చుకుంటున్న మిరపకల్లాల కూలీ రామాయమ్మను చూపించి, "ఈమెను తీసుకుపోండి, చెయ్యి కుదురైంది," అంది. అలా చూపించిన తన చేతిని చూసుకుని ఆ రోజు గర్వపడింది. ఆ చేతికి ఇప్పుడు కీళ్ళవాపు.

నాలుగు రోజుల కిందట తస్లీమ్ ఒక సంగతి కనిపెట్టింది. గేటు దగ్గర కొత్త కారు ఆగినప్పుడల్లా రామాయమ్మ మెడ ముందు ఎడమకు తిరుగుతోంది. అటు ఖాళీగా కనబడగానే "పోనీ" అంటోంది. కుడికి తర్వాత చూస్తోంది. ఒకసారి పాలవ్యాను కీచుమని ఆగి డ్రైవరు బూతులు తిట్టాడు. నేర్చుకునే పిల్ల తప్పనుకున్నారు అందరూ. తస్లీమ్‌కు తెలుసు. కువైట్‌లో బళ్ళు కుడి పక్కన నడుస్తాయి. అక్కడ గుద్దే బండి ముందు ఎడమ నుంచి వస్తుంది. తను నేర్పిన మెడను ఆ దేశం పదకొండేళ్ళలో అటు తిప్పేసింది.

అదే క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పబోయింది కూడా. అప్పుడే ఎవరో "రామాయమ్మ మేడమ్" అని పిలిచారు. తస్లీమ్ నోరు మూసుకుంది. ఇది ఊరికే పారేసుకునే మాట కాదనిపించింది. నాలుగింటికి శ్రీకాంత్ ముందు, అందరూ ఉండగా, గొంతు పెంచకుండా చెప్పాలి. "ఆమె చానా బాగా చెబుతది శ్రీకాంత్ గారూ. కాకపోతే ముందు ఎడమకు చూస్తది. గేటు దాకా రండి, చూపిస్తా." ఈ నాలుగు రోజులూ అంట్లు తోముతూ ఆ మాటలనే సరిచేసుకుంది. కొత్త కారు గేటు దాటిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, అది క్షేమంగా మలుపు తిరిగాక వదిలింది. ఒక్కరోజే కదా అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది.

మధ్యాహ్నం అన్నం దగ్గర రామాయమ్మ తన గిన్నెలోంచి దోసకాయ పచ్చడి తీసి అడగకుండానే తస్లీమ్ డబ్బా మూతలో వేసింది.

"సాయంత్రం ఆయన ఎవరి పేరు చెప్పినా నాకొకటే అక్కా. నువ్వు చెయ్యి చూపించకపోతే నేనియ్యాల కూడా మిరపకాయల తొడిమలు తీసుకుంటా ఉండేదాన్ని."

"అట్నా," అంది తస్లీమ్. ఒకటేనట. అన్నీ చూసి వచ్చినవాళ్ళకు ఏదైనా ఒకటే. పచ్చడి బాగుంది. అదీ కోపం తెప్పించింది.

మూడున్నరకు తస్లీమ్ సుకన్యను ఎక్కించుకుని పాత బండిని గేటు దాకా తెప్పించింది. నాలుగింటికి ఆ గేటు దగ్గరే ఉండాలని ఆమె లెక్క. బయట రోడ్డు మీద మిర్చి బస్తాల మినీలారీలు గాలిలో ఘాటు వదిలి పోతున్నాయి. రామాయమ్మ గేటు పక్క నిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, అవతలి సోడాబండి వైపు రెండు వేళ్ళు ఎత్తి చూపింది. ఇద్దరి అలవాటూ ఎరిగిన సోడా అతను తలూపాడు.

"నీకు ఉప్పు సోడానే కదక్కా? ఉండు, తెస్తా," అంది కారు కిటికీలోకి వంగి.

"నాకేమీ వద్దులే."

"ఈ ఎండకి వద్దంటే ఎట్టా."

ఆమె రోడ్డు అంచుకు వెళ్ళింది. ఎడమకు చూసింది. అటు ఖాళీ. తస్లీమ్‌కు కుడి నుంచి వస్తున్న మినీలారీ కనబడుతోంది, దాని ముందు కట్టిన నిమ్మకాయలతో సహా. రోజుకు వందసార్లు అనే 'కుడి' అన్న రెండక్షరాల మాట గొంతు దాకా వచ్చింది. అక్కడ ఇంకో మాట నాలుగు రోజులుగా కూర్చుని ఉంది. తస్లీమ్ సుకన్య మీదుగా వంగి హారన్ మీదికి చెయ్యి చాపింది. నొక్కిందో లేదో ఆ తర్వాత సుకన్య చెప్పలేకపోయింది. తస్లీమ్ కూడా చెప్పలేకపోయింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. బస్తా దించినట్టు అయింది, అంతే.

ఆటోలో తస్లీమ్ ఒళ్ళోనే తల పెట్టుకుంది రామాయమ్మ. నెత్తురు ఎక్కువ లేదు. ఓవర్‌బ్రిడ్జి దగ్గర కళ్ళు తెరిచి, "ఇటునించొచ్చాడేందక్కా," అంది, ఆశ్చర్యంగా. ఆస్పత్రి గేటు దగ్గర స్ట్రెచర్ మీదికి మార్చేటప్పటికే ఆమెలో ప్రాణం లేదు.

శ్రీకాంత్ అక్కడికే వచ్చాడు. ఫోన్లు మాట్లాడాడు, కాగితాల మీద సంతకాలు పెట్టాడు, రామాయమ్మ అన్నకు కబురు చేశాడు. ఐదున్నరకు తస్లీమ్‌ను తన కారులో గ్రౌండు దగ్గర దించుతూ అన్నాడు: "రేపు సెలవని అందరికీ చెప్పు తస్లీమక్కా. ఎల్లుండి నుంచి కొత్త బండి నువ్వే తీసుకో. లేడీస్ బ్యాచ్ ఇంక నీదే."

"శ్రీకాంత్ గారూ."

"చెప్పక్కా."

"ఆమె ముందు ఎడమకు చూసేది."

అతని ఫోన్ మోగింది. తెరవైపు చూస్తూనే, "ఎవరక్కా? ఏందీ?" అన్నాడు.

"ఏం లేదులెండి."

కారు వెళ్ళిపోయింది. తస్లీమ్ రోడ్డు అంచున నిలబడింది. కుడికి చూసింది. ఎడమకు చూసింది. మళ్ళీ కుడికి చూసింది. రెండు వైపులా ఖాళీగానే ఉంది, అయినా దాటలేదు. అవతల సోడా అతను బండి వదిలి జనంతో పాటు ఎటో వెళ్ళినట్టున్నాడు. తడి గోనెపట్టా పక్కన రెండు గాజు గ్లాసులు నిండుగా ఉన్నాయి. నురగ ఎప్పుడో అణిగింది. రెండింటిలో ఒకదాని మీద, ఏది ఎవరిదో తారుమారు కాకుండా, చిటికెడు ఉప్పు కట్టిన కాగితం పొట్లం మూతలా పెట్టి ఉంది.