పేలని గుల్ల

నేను ఒక రైఫిల్ తూటా తాలూకు ఇత్తడి గుల్లని. తూటా అనగానే మీ మనుషులకు దూసుకుపోయే సీసం ముక్కే గుర్తొస్తుంది. మందును కడుపులో దాచుకుని, నిప్పు తగిలిన క్షణాన ఆ ఒత్తిడంతా ఒంటితో కాచుకుని, చివరికి చప్పుడు లేకుండా నేల మీద పడేది మాత్రం గుల్ల. కాకపోతే మాకో సుఖం ఉంది. మమ్మల్ని ఏరి, తుడిచి, కొలతకు తెచ్చి మళ్లీ మందు కూరితే మళ్లీ పనికొస్తాం. వెళ్లిపోయిన సీసానికి ఆ భాగ్యం లేదు.

నేను పుట్టింది ఎక్కడో మంచు కురిసే దేశంలో. ఇత్తడి రేకులోంచి ఒక బిళ్ల కొట్టారు, గిన్నెలా వంచారు, లాగి లాగి వేలంత పొడవు చేశారు, మెడ నొక్కి సన్నం చేశారు. చివర్లో మెడను మంటకు చూపిస్తే అక్కడ నెమలికంఠం రంగు మరక తేలింది. అది సింగారం కాదు, ఆ చోట ఇత్తడి మెత్తబడి పగలకుండా ఉంటుందనడానికి గుర్తు. ఇంత శ్రద్ధలోనూ ఒక మసి నలుసు నాలో మడతపడిపోయింది. అడుగుకు కాస్త పైన, వెంట్రుకలో సగం ఉండే గీత. ఎవరూ చూడలేదు. నాకు మూతి ఉందే గాని మాట లేదు.

వందమందిమి ఒక అట్టపెట్టెలో ఓడెక్కి సికింద్రాబాదు శివార్లలోని ఒక రైఫిల్ క్లబ్బుకు చేరాం. అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. మమ్మల్ని తెప్పించుకున్నది కుముదిని గారు. ఆమె ఆడపిల్లల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. సెలవురోజుల్లో బోర్లా పడుకుని, మూడు వందల మీటర్ల అవతల ఉన్న నల్లచుక్కను కొట్టేది. ఆ చలికాలంలో జాతీయ పోటీలున్నాయి. తూటాలన్నీ ఒకే చోటికి పోవాలంటే గుల్లలన్నీ ఒకే కొలతకు రావాలి. ఆ పని తెలిసినవాడు క్లబ్బులో ఒక్కడే, ఇస్రాయేలు.

ఇస్రాయేలు పటాలంలో ఇరవై ఆరేళ్లు తుపాకులు బాగుచేసి, హవల్దారుగా దిగి, క్లబ్బులో కుదిరాడు. మందు కూరే పని క్లబ్బులో, ఎప్పుడూ తాళం వేసి ఉంచే గదిలో. ఖాళీ గుల్లల్ని సిద్ధం చేయడం మాత్రం బొల్లారంలో తన ఇంటి వసారాలో.

కొత్తవాటికి ఇంకా ఏం పని అనుకుంటారేమో. ప్రయాణంలో మా మూతులు సొట్టలు పడ్డాయి. ఇస్రాయేలు ఒక్కొక్కళ్లకీ పల్చగా నూనె రాసి ఉక్కు అచ్చులోకి నొక్కేవాడు. వంకర మూతితో దూరి గుండ్రంగా బయటికొచ్చేవాళ్లం. పొడవెక్కువైన వాళ్లను చేతిమర మీద రవ్వంత కోసేవాడు. కోసిన అంచు గరుకును లోపలా బయటా గీకేవాడు. మా అడుగున నిప్పు దూరే చిన్న రంధ్రం ఉంటుంది. అది పొడిచినప్పుడు మిగిలిన ఇత్తడి పెచ్చును సన్నటి కత్తితో తీసేవాడు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మమ్మల్ని ఒక చుట్టు తిప్పేవాడు. ఆ తిప్పడంలో ఎంత ఆప్యాయత! అతని లుంగీ మీద ఇత్తడి రజను మెరిసేది. స్టేషన్‌లో గూడ్సుబండి కూసేది. పక్కనే ముక్కాలిపీట మీద భార్య సలోమి కూర్చుని ఫ్లానెల్ గుడ్డతో మా నూనె తుడిచేది. ఆమె మిషను ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కారు. అంత నెమ్మదైన ఉదయాలు నేను మళ్లీ చూడలేదు.

నా వంతు వచ్చింది. అతని వేళ్లు నా గీత మీదుగా వెళ్లాయి. అది మడతలో కలిసిపోయిన గీత, చేతికి తగలదు. నన్ను కంటి దగ్గరికి ఎత్తి చూసి, పూర్తయిన వాళ్ల వరసలో నిలబెట్టాడు. సలోమి నన్ను తీసుకుంది. గుడ్డతో రుద్దింది. ఎండలోకి తిప్పింది. ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇది సూసినవా?"

"సూసిన. బంగారం లెక్క ఉన్నది."

ఆమె ఇంకో గుల్లను నా పక్కన పెట్టి రెండిట్నీ అతని చేతికిచ్చింది. "ఒకదానికి గీత ఉన్నది. ఏదో చెప్పు."

అతను గోటితో గీకాడు, సూర్యుడి వైపు ఎత్తాడు, ఒక కన్ను మూశాడు, రెండో కన్ను మూశాడు. చాలాసేపటికి చెయ్యి చాపాడు. నన్ను కాదు, గీత లేని రెండోదాన్ని చూపించాడు.

"రెండు కండ్లల్ల పొర వచ్చింది నీకు," అంది సలోమి. "ఎందుకు దాస్తున్నవ్?"

"దవాఖాన కొలువు అయిపోయినా నీకు రోగులు కావాల్నా? ముప్పై ఏండ్లాయె ఈ పని చేయవట్టి!"

"ఆ పిల్ల తుపాకికి చెంప ఆనించి కాలుస్తది," అంది ఆమె, గొంతు పెంచకుండా. "ఇది ఆడ పగిలితే నిప్పు యాడికి పోతది?"

ఇస్రాయేలు చేతులు కడుక్కుని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున నన్ను చొక్కా జేబులో వేసుకుని, మిగతావాళ్లను పెట్టెలో సర్ది, మారేడ్‌పల్లిలో కుముదిని గారింటికి వెళ్లాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నన్ను బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎన్నాళ్ల నుంచి, హవల్దారు గారూ?"

"రెండేండ్లు దాటిందమ్మా. చెప్తే పని పోతదని చెప్పలే."

ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కుడి చెంప మీదికి పోయింది. రెండేళ్లలో కాల్చిన తూటాలన్నీ ఆమె కళ్ల ముందు తిరిగి ఉంటాయి. "మిమ్మల్ని నమ్మి నేను ఒక్క గుల్లనైనా తిప్పి చూసుకోలేదు," అంది. "పెట్టె అక్కడ పెట్టి వెళ్లండి."

అతను పెట్టె పక్కనే క్లబ్బు గది తాళంచెవి కూడా పెట్టాడు. నన్ను మాత్రం మళ్లీ జేబులో వేసుకున్నాడు. తిరుగు దారిలో అతని గుండె నా ఒంటికి కొట్టుకుంటూనే ఉంది.

ఆదివారం నాడు వసారా ముందు రిక్షా ఆగింది. కుముదిని గారు పెట్టెతో దిగింది. తలుపు తీసిన సలోమితో, "కోపం ఇంకా పోలేదమ్మా," అంది. "వేరే ఒకాయనకు ఇచ్చి చూశాను. నాలుగు గుల్లలు పట్టుకోగానే తెలిసిపోయింది, ఆయనకు ఈ పని రాదని. మళ్లీ మొదట్నుంచి చూద్దాం. కళ్లు మీవి, చేతులు ఆయనవి. నేనిక్కడే కూర్చుంటాను."

ముగ్గురూ కూర్చున్నారు. సలోమి ఒక్కొక్క గుల్లనీ ఎండలో తిప్పి చూసి అతనికి ఇచ్చేది. అతను వేళ్లతో చూసి వరసలో పెట్టేవాడు. అరవై గుల్లలు అయ్యాక, సలోమి బాగుందన్న ఒకదాన్ని అతను రెండుసార్లు తిప్పి పక్కకు తీశాడు.

"దీని మెడ ఒక దిక్కు పల్చగ ఉన్నది. ఇది కండ్లకు దొరకది."

కుముదిని గారు స్క్రూగేజీతో కొలిచి చూసింది. నిజమే. అప్పుడు ఆమె ముఖంలో వచ్చిన మార్పును నేను పక్కనుంచి చూశాను. తాళంచెవి తీసి సలోమి చేతిలో పెట్టింది. "పోటీలు కాగానే ఆపరేషన్. ఆ తర్వాతే ఇది ఆయనకు ఇవ్వండి. ఈలోగా క్లబ్బు దగ్గరున్న రెండో చెవితో గది తీసి మందు నేనే కూరుకుంటాను."

తొంభై ఎనిమిది మంది పోటీలకు వెళ్లారు. నేను వెళ్లలేదు. కుముదిని గారు నాలుగో స్థానంలో వచ్చింది, మూడో స్థానానికి ఒక్క పాయింటు తక్కువ. తిరిగొచ్చి వసారాలో టీ తాగుతూ, "ఆ ఒక్క పాయింటు నా చేతిది, మీ గుల్లలది కాదు," అంది. ఇస్రాయేలు తల వంచుకుని నవ్వాడు.

నా తోటివాళ్లు ఏళ్ల తరబడి పేలారు, కొలతకు వచ్చారు, మళ్లీ పేలారు. మెడలు చిట్లి ఒక్కొక్కళ్లే పాత ఇత్తడి కింద కరిగిపోయారు. ఏ చెంబులో, ఏ తలుపు గొళ్లెంలో ఉన్నారో తెలియదు. ఒక్కసారీ పేలని నేను సలోమి కుట్టుపెట్టెలో సూదులు దాచే గుల్లనై మిగిలాను. ఘనమైన బతుకు కాదు, చిన్నబుచ్చుకున్నదీ లేదు. ఆ ఇంట్లోనే నేను చూసిన ఒక ఉదయం నాకు చాలు.

అది ఆపరేషనైన రెండు నెలలకు, కొత్త కళ్లద్దాలు వచ్చిన రోజు. సీసా అడుగంత మందం అద్దాలు. ఇస్రాయేలు వసారాలో కూర్చుని, ముందుగా నన్ను తెమ్మన్నాడు. ఎండలో తిప్పాడు. గీత దగ్గర ఆగాడు.

"ఇంత సాఫ్‌గ కనవడుతున్నదే!" అన్నాడు. "గిదా నేను సూడనిది!"

ఆ మాట భార్యతో చెప్పడానికి తలెత్తాడు. సలోమి టీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. అతను ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

"నీ తల ఎప్పుడు నెరిసిందే?"

"ఎప్పుడో నెరిసింది."

"నల్లగ ఉండె గద?"

"అది నీ మతిల ఉన్న తల," అని నవ్వింది సలోమి. ఆ నవ్వులో ముఖమంతా ముడతలు పడింది. అవి కూడా అతను అప్పుడే చూశాడు.

ఇస్రాయేలు చెయ్యి చాపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నన్ను ఎక్కడ పెడుతున్నాడో చూసుకోలేదు. నేను పనిబల్ల అంచుమీంచి జారి, దొర్లి, ముక్కాలిపీట కిందికి పోయాను. ఆ పూట నన్నెవరూ వెతకలేదు.