చెప్పులు చేత పట్టుకొచ్చిన తొందర

రంజాన్ నెలలో సాయంత్రమయ్యేసరికి అలెగ్జాండ్రియాలో మనుషులకన్నా వాళ్ళ తొందరలే ముందు ఇల్లు చేరతాయి. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న మనిషి తొందర బండి కిటికీలోంచి దూకి, చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. అచ్చం ఆ మనిషి మొహమే, అదే చొక్కా. తలుపు తీసిన ఇల్లాలు "బయల్దేరాడన్నమాట" అనుకుని సూపు పొయ్యి మీద పెడుతుంది.

ఇన్షిరాహ్ ఇంట్లో మాత్రం ఒక తొందర ఎప్పుడూ ఉంటుంది. అది ఆమె భర్త హసనైన్‌ది. మైక్రోబస్సు నడిపేవాడు. కొన్నేళ్ళ కిందట ఇలాంటి సాయంత్రమే అది వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆమె సూపు వేడి చేసింది. మనిషి రాలేదు. సముద్రపు రోడ్డు మలుపులో నుజ్జయిన బండి దొరికింది. తొందర మాత్రం ఆ కుర్చీ వదల్లేదు. ఒక చేతిలో చెప్పులు, ఇంకో చేతిలో చెంచా, బల్ల మీద టకటకా కొడుతూ ఉంటుంది. ఆమె దాని చుట్టూ ఇల్లు తుడుచుకుంటుంది.

ఇప్పుడు అదే దారిలో కూతురు రబాబ్ మైక్రోబస్సు తోలుతోంది. తండ్రిని అందరూ "ఉస్తా" అని గౌరవంగా పిలిచేవారు. రబాబ్‌ని "అమ్మాయ్" అంటారు. ఇన్షిరాహ్ ఎన్నడూ వద్దనలేదు, ఆ బండి ఎక్కనూ లేదు. ఈ రంజాన్‌లో ఒక సాయంత్రం తన అక్క ఇంటి నుంచి వస్తుంటే వేరే బండి దొరక్క, మొదటిసారి కూతురి పక్కన కూర్చుంది.

రోడ్డంతా హారన్లే.

"తోలమ్మాయ్! మా ఆవిడ బాతు వండింది!" అన్నాడు వెనక సీటు లావుపాటాయన.

"వండేశాక ఇంకెక్కడికి ఎగిరిపోతుంది బాబాయ్?"

బండంతా నవ్వింది. ఒక ముసలావిడ నవ్వలేదు. "మీ నాన్నయితే ఈపాటికి దింపేసేవాడు."

ఒక్కొక్క తొందరే కిటికీల్లోంచి దూకసాగింది. లావుపాటాయనది కిటికీలో ఇరుక్కుంటే పక్కవాడు తోసిపెట్టాడు.

ముందున్న టాక్సీ కదలదు. రబాబ్ మెడ మీద నరం కొట్టుకుంటోంది. హసనైన్‌కీ అక్కడే కొట్టుకునేది. అలాంటప్పుడు దారిలో ప్రతివాడూ తన మీద పగబట్టి అడ్డొచ్చినట్టే ఉంటుందనేవాడు.

రబాబ్ తొందర లేచి కిటికీ మీద కాలు పెట్టింది.

"కూర్చో," అంది రబాబ్.

అది వినలేదు.

"నువ్వు ముందు దిగిపోతే నిన్ను అందుకోవాలనే తోలతాను, నాకు ఎదుటివాళ్ళు మనుషుల్లా కనబడరు. కూర్చోమన్నానా!"

అది గొణుక్కుంటూ తల్లీకూతుళ్ళ మధ్య ఇరుక్కుంది. ఒళ్ళంతా జ్వరంలా కాలిపోతోంది. ఇన్షిరాహ్ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

మలుపు దగ్గర, ఉపవాసం విడవడానికి దారిన పోయేవాళ్ళకు ఖర్జూరాలు పంచే ఆడవాళ్ళు చేతులు చాచి నిలబడ్డారు. రబాబ్ బండి పక్కకు తీసి ఆపేసింది.

"ఇంత దాకా వచ్చి ఆపుతావేంటి! ఇల్లు అదుగో..." లావుపాటాయన మాట పూర్తి కాలేదు. ఎర్రలైటు దాటుకుని ఒక లారీ వాళ్ళు వెళ్ళాల్సిన మలుపు మీంచి రివ్వున దూసుకుపోయింది. ఆ విసురుకి ఖర్జూరాల డబ్బాల మూతలు ఎగిరాయి.

రేడియోలో, పొద్దు గుంకిందని చెప్పే ఇఫ్తార్ ఫిరంగి పేలింది.

లావుపాటాయన ఖర్జూరం నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "చల్లారితే చల్లారిందిలే బాతు," అన్నాడు. ముసలావిడ "మీ నాన్న..." అని ఆగింది. ముందుకు వంగి రబాబ్ భుజం మీద చెయ్యి వేసింది. "పోనీయ్, ఉస్తా. నీకు వీలైనప్పుడే."

ఇన్షిరాహ్ తన ఖర్జూరంలో సగం ఒళ్ళోని తొందర నోట్లో పెట్టింది. అది నములుతూనే నిద్రపోయింది.

ఇల్లు చేరేసరికి ఇన్షిరాహ్ వండి పెట్టి వెళ్ళిన సూపు చల్లారిపోయి ఉంది. రబాబ్ గడప దాటగానే చెంచా టకటక ఆగింది. హసనైన్ తొందర ఆమె వైపు చూసింది. ఆమె తొందర ఆమెకన్నా ముందు రాలేదు, నిద్రకళ్ళతో వెనకే వచ్చింది. అది లేచి, కుర్చీని కూతురి వైపు తిప్పింది. చేతిలోని చెప్పులు నేల మీద పెట్టి, కాళ్ళకు తొడుక్కుని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇన్షిరాహ్ ఆ చెంచా కడిగి తెచ్చి కూతురి ముందు పెట్టింది.

"కూర్చో, ఉస్తా," అంది. "సూపు వేడి చేస్తాను."