నీలం జట్టు గుర్రాలు

రథాల పందెంలో పచ్చ జట్టు గెలిచింది. రోము నగరంలో సగం ఎగిరి గంతేసింది, మిగతా సగం తిట్లు లంకించుకుంది. రథం తోలినవాడు హెర్మా. బరి ద్వారం దగ్గర గుర్రాలను పట్టుకుని నిలబడే అతని అన్న ట్రోఫిముస్ మాత్రం కదల్లేదు. చివరి మలుపులో తమ్ముడు స్తంభాన్ని రాసుకుంటూ నీలం రథాన్ని దాటడం అతను కళ్లారా చూశాడు. అది అచ్చంగా వాడి చేతి చలవ. ఇంకెవరి సాయమూ అక్కర్లేకపోయింది.

అదే అతన్ని లోపల కాలుస్తోంది. మొన్న ఒక మంత్రగాడి చేత సీసపు రేకు మీద నీలం జట్టు నాలుగు గుర్రాల పేర్లూ చెక్కించాడు. మలుపులో వాటి కాళ్లు కట్టుబడాలని, తోలేవాడు మళ్లీ లేవకూడదని శాపం పెట్టించాడు. ఆ జట్టు సారథి తల్లి తనకు తెలిసిన మనిషి కావడంతో మొహమాటపడి, వాడి పేరు మాత్రం వద్దన్నాడు. 'తోలేవాడు' అని ఊరుకున్నాడు. రేకును ఈ ద్వారం కిందే పాతాడు.

ఇంతలో జనం అందుకున్నారు. "మార్చండి! గుర్రాలు మార్చండి!"

గెలిచినవాడు ఓడినవాడి గుర్రాలతో మళ్లీ పరుగెత్తాలి. అప్పుడుగాని గెలుపు మనిషిదో గుర్రానిదో తేలదు. పందేలు పెట్టించిన దొర సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. ఇక ఆ 'తోలేవాడు' హెర్మాయే.

హెర్మా మొహమంతా దుమ్ముతో నవ్వుతూ వచ్చాడు. "చూశావా అన్నయ్యా? వాళ్ల గుర్రాలతోనే వాళ్లకు చుక్కలు చూపిస్తా!"

"ఒంట్లో బాగోలేదని చెప్పరా."

"నాకా? రాయిలా ఉన్నాను."

"ఆ ఎడమపక్క గుర్రం కుంటుతోంది."

పక్కనే ఉన్న నీలం జట్టు గుర్రాల కాపరి పకపకా నవ్వాడు. "మా గుర్రం కుంటు మాకు కనబడలేదుగానీ నీకు కనబడిందా పెద్దాయనా? మీవాడికి గుండె జారిందని చెప్పరాదూ!"

ట్రోఫిముస్ తమ్ముణ్ణి గోడ వారకు లాగాడు. ఇంతమంది చూస్తుండగా ఆ రేకును తవ్వి తీస్తే తల పోతుంది. చెప్పక తప్పలేదు.

"శాపం పెట్టించానురా. ఆ నాలుగింటికీ. నేనే."

హెర్మా నవ్వు ఆగిపోయింది. "అయితే ఇందాకటి గెలుపు ఎవరిది?"

"నీదేరా! నా కళ్లతో చూశాను."

"ఇంకా నీ మాట నమ్మమంటావా?"

పగ్గాలు తమ్ముడి నడుముకు చుట్టి ముడివేయడం ఎప్పుడూ అన్న పనే. చేతులు చాచిన అన్నను తప్పుకుని హెర్మా నీలం కాపరి వైపు తిరిగాడు. "నువ్వు కట్టు."

గుర్రాలు బాగానే పరుగెత్తాయి. ఒక్కదాని కాలూ కట్టుబడలేదు. కానీ మలుపు వచ్చినప్పుడల్లా హెర్మా పగ్గాలు బిగబట్టి, స్తంభానికి ఆమడ దూరంగా తిరిగాడు. వాడు భయపడగా ట్రోఫిముస్ ఎన్నడూ చూడలేదు. అందరికంటే చివర వచ్చాడు. ప్రాణంతో వచ్చాడు. ట్రోఫిముస్ దేవుళ్లకు దండం పెట్టబోయాడు, ఏ మొహంతో పెట్టాలో తెలియక చేతులు దించేశాడు.

"తేలిపోయిందిగా! ఇందాక గెలిచింది గుర్రాలే," అన్నాడు నీలం కాపరి. "మీవాడు ఊరికే ఎక్కి కూర్చున్నాడు. ఏమంటావు పెద్దాయనా?"

కాదని చెప్పగలిగినవాడు ఆ లక్షమందిలో ఒక్క ట్రోఫిముస్సే. చెబితే రేకు సంగతీ బయటపడుతుంది. హెర్మా రథం మీంచే అతని వంక చూస్తున్నాడు.

"అంతేనేమో," అన్నాడు ట్రోఫిముస్ తల వంచుకుని.