శవానికి ఆయాసం

రాజు చచ్చిపోయే ఘట్టం వచ్చిందంటే ఆ నాటకశాలలో గోడమీది బల్లి కూడా తోక ఊపదని చెప్పుకునేవారు. పైనున్న ఫ్యాను తనంతట తానే ఆగిపోయేదని కూడా అనేవారు. ఫ్యానుకు ఎవరూ పూచీ పడలేరు కానీ, జనం మాత్రం నిజంగానే ఊపిరి బిగబట్టేవారు.

ఆ సాయంత్రమూ అంతే. కత్తిపోటు తిన్న రాజు చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పి, తల పక్కకు వాల్చి ప్రాణం విడిచాడు. రాణి వచ్చి ఆయన పాదాల దగ్గర కూలబడింది. తన మాటలు అందుకునే ముందు కాసేపు ఏడవదు, మాట్లాడదు, అలా చూస్తూ ఉండిపోతుంది. ఆ మౌనం కోసమే జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది. సరిగ్గా ఆ మౌనంలోంచి, కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు ఒక చప్పుడు బయల్దేరింది.

హుస్... హుస్... హుస్...

వెనక బల్లల మీంచి ఎవడో కేకేశాడు. "ఒరేయ్, శవానికి ఆయాసం వచ్చిందిరోయ్!"

ఇంకేముంది! నవ్వులకు పైకప్పు రేకులు లేచి మళ్ళీ కూర్చున్నాయి. రాణి ముఖం చేతుల్లో దాచుకుంది. ఏడ్చిందో నవ్విందో ఆమెకే తెలియాలి.

ఆయాసం శవానిది కాదు. వేదిక ముందు అంచున, నేలలోకి దిగిన ఒక చిన్న గూడుంది. దాని మీద తాబేటి డిప్పలాంటి కప్పు. నటులు మాట మరిచిపోతే, అందులో కూర్చున్న మనిషి వాళ్ళకు మాత్రమే వినపడేలా అందిస్తాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. నటులకు బాబాయ్, టిక్కెట్లు చింపేవాళ్ళకు బాబాయ్, ఆయనకన్నా పెద్దవాడైన మేకప్ తాతకు కూడా బాబాయే. ఆయన గుసగుస నూలుపోగులాంటిది. సూటిగా వెళ్ళి ఒకే ఒక్క చెవిలో దూరుతుంది, పక్క చెవికి కూడా తెలియదు.

కాకపోతే అది కూర్చునే పని. ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న మనిషిని పొట్ట వెతుక్కుంటూ వచ్చింది. ఇంటికొస్తే ముందు పొట్ట గడప దాటేదనీ, భార్య దానికి మంచినీళ్ళిచ్చి పలకరించాక బాబాయ్ వచ్చేవాడనీ గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టినవాళ్ళూ అదే అనేవారు, కాస్త ప్రేమగా. పొట్టతోపాటు ఆయాసమూ వచ్చి గూట్లో కాపురం పెట్టింది.

ఆట అయ్యాక రాజు కిరీటం చంకలో పెట్టుకుని వచ్చి గూడు ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను. నన్ను ప్రశాంతంగా చావనివ్వవా?"

"నేనేం చేశానయ్యా?"

"ఏం చేశావా? నేను చచ్చి పడుంటే నా బదులు నువ్వు బతుకుతున్నావు!"

నాటక కంపెనీ నడిపే అమ్మగారు మాత్రం కేకలెయ్యలేదు. ఆవిడ కేకలేస్తే బాగుండేది. మెల్లగా చెప్పింది. "నీ పొట్టతో నాకు పేచీ లేదు బాబాయ్. అది చీకట్లో ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఊపిరే వినపడుతోంది. వానలు వెనకబట్టాక మళ్ళీ ఈ నాటకమే వేస్తాం. ఆ రోజూ వినపడిందంటే, నటుల చెవుల్లో మాటలు చెప్పే మిషన్లు పెట్టిస్తాను. నువ్వు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుందువుగాని."

విశ్రాంతి అన్న మాట బాబాయ్‌కి చెంపదెబ్బలా తగిలింది. గూడు లేకపోతే తనెవరు? తను అందించిన మాటకి ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, తన పేరు ఒక్కడికీ తెలియని ఆ మజా ఇంకెక్కడ దొరుకుతుంది?

మర్నాడే బరువు చూసుకునే కాటా ఒకటి కొనుక్కొచ్చాడు. గాజుపలకతో, అంకెలు వెలిగే రకం. దాన్ని స్నానాల గది తలుపు పక్కన నిలబెట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూశాడు. డాక్టరమ్మ దగ్గరికీ వెళ్ళొచ్చాడు. ఆవిడ గుండె చూసి, నాడి చూసి, "రెండోసారి వడ్డన మానెయ్యండి. రోజూ నడవండి. లిఫ్టు వదిలేసి..." అని మందుచీటీ కోసం చూపు తిప్పేలోగా, అలవాటు చొప్పున బాబాయ్ గుసగుసగా అందించాడు. "మెట్లెక్కండి."

డాక్టరమ్మ ఉలిక్కిపడి వెనక్కి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

మొదట్లో కాటా మర్యాదగానే ఉంది. రోజుకింతని దిగింది. బాబాయ్ దాన్ని మెచ్చుకున్నాడు, పాత తువ్వాలుతో తుడిచాడు. ఆ తర్వాత ఒక అంకె దగ్గర ఆగిపోయింది. బురదలో దిగబడ్డ ఎద్దులా మొండికేసింది. ఆయన రెండోసారి వడ్డన మానేశాడు, వేపుడు ముక్కల వంక చూడటం మానేశాడు, చివరికి పక్కింటి పెళ్ళికెళ్ళి మిఠాయి పళ్ళేన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు. కాటాకి చీమ కుట్టినట్టయినా లేదు. చొక్కా విప్పి ఎక్కాడు. ఉంగరం తీసి ఎక్కాడు. ఊపిరి వదిలేసి ఎక్కాడు. ఒకరోజు భార్య తలుపు సందులోంచి చూసేసరికి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, కొంగజపమా?"

"ఒంటికాలైతే సగమే చూపిస్తుందేమోనని."

"బుర్ర మొత్తం ఇంట్లోనే ఉంచుకుని ఎక్కారా, లేక అదీ బరువని ఎక్కడైనా పెట్టొచ్చారా?"

బాబాయ్ దిగి, కాటా పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. "నీకు వేళాకోళంగా ఉంది. వానలు వెనకబడుతున్నాయి. ఇది చూడు, పంతం పట్టిన ఆడపడుచులా ఉంది. ఇక నా పని అయిపోయింది. మిషన్లు తెప్పిస్తారు."

ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అమ్మగారు అసలేమన్నారు? మీ మాటల్లో వద్దు. ఆవిడన్నది అన్నట్టు చెప్పండి. పొల్లుపోకుండా చెప్పడమేగా మీ వృత్తి."

బాబాయ్‌కి ఒకరి మాట అప్పజెప్పమంటే ఎక్కడలేని ఉత్సాహం. కళ్ళు మూసుకుని, అమ్మగారి గొంతుతోనే మొదలెట్టాడు. "నీ పొట్టతో నాకు పేచీ లేదు బాబాయ్. అది చీకట్లో ఉంటుంది, ఎవరికీ కనపడదు. ఊపిరే..."

ఆగిపోయాడు. ఇంతకాలం గూట్లో కూర్చుని మాట ఆగిన ప్రతివాడికీ అందించిన మనిషి, తన మాట తనకే అందక నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

"వినపడుతోంది," అని భార్యే అందించింది. "ఊపిరి సంగతి చెప్తే మీరు వెళ్ళి కాటా కొన్నారు. చెవి నొప్పంటే కంటికి కాటుక పెట్టినట్టుంది. నన్నడిగితే చెప్పనా? మీ గురక ఇదివరకు వీధి చివరిదాకా వెళ్ళొచ్చేది. ఇప్పుడు మంచం దిగడం లేదు. చెప్పులు తొడుక్కునేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశారు, చూసుకున్నారా? అంతెందుకు, మన పిల్లి మళ్ళీ మీ ఒళ్ళో పడుకుంటోంది. నిరుడు దానికి జాగా ఏదీ?"

బాబాయ్ వంగి పిల్లిని చూశాడు. పిల్లి ఆయన్ని చూసింది. ఇద్దరికీ ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది.

ఆ క్షణం నుంచి ఆయనకు కొత్త పిచ్చి పట్టుకుంది. తన ఒంట్లో తనకు తెలియకుండా ఇంకా ఏమేం జరుగుతున్నాయో చూడాలని. పరాయి ఇంట్లో చొరబడ్డ దొంగలా తనను తాను సోదా చేసుకున్నాడు. బెల్టు చివర పొడుగ్గా నాలుక చాపుతోంది, ఎప్పట్నుంచి? వీధి మలుపులో ఎత్తు ఎక్కేచోట ఎప్పుడూ ఆగి, చెప్పుల కొట్టు అద్దంలోకి ఆసక్తిగా చూస్తున్నట్టు నటించేవాడు. ఆ చెప్పుల కొట్టతను నిన్న, "ఏం సార్, ఈమధ్య మా సరుకు నచ్చడం లేదా, ఆగకుండా పోతున్నారు?" అన్నాడు. అదీ లెక్కే కదా! ఒళ్ళు అన్నిచోట్లా ఏవేవో కబుర్లు చెబుతుంటే తను ఒక్క గాజుపలకనే పట్టుకుని వేలాడాడు.

అప్పుడు గుర్తొచ్చింది దీపం.

ఆయనకు పని నేర్పిన గురువు మొదట్లో మాటే నేర్పలేదు. ఒక దీపం వెలిగించి, జానెడు దూరంలో కూర్చోబెట్టి, "మాట గది చివరికి పోవాలి, వత్తి కదలకూడదు" అన్నాడు. గురువు అలా గుసగుసలాడితే నదికి ఇవతల అన్న మాట అవతలున్న పడవవాడికి వినపడేదనీ, మధ్యలో ఈదుతున్న బాతుకి మాత్రం వినపడేది కాదనీ చెప్పేవారు. బాబాయ్ కుర్రతనంలో అది సాధించాడు. దీపాన్ని అటకెక్కించి ఎన్నాళ్ళయిందో.

అటక మీంచి దించాడు. కిందనుంచి డాబా దాకా మెట్లన్నీ ఎక్కి, ఆగకుండా దీపం ముందు కూర్చుని, "ప్రభూ, నన్ను వదిలి వెళ్ళారా" అన్నాడు. "ప్రభూ"కే దీపం ఆరిపోయింది.

"ప్రభువు నిజంగానే పోయాడు," అంది భార్య, అగ్గిపెట్టె అందిస్తూ.

రోజూ అదే పని. మెట్లెక్కడం, కూర్చోవడం, మాట అందించడం. దీపం ఆరడం మానేసి, పక్కకు వాలడం మొదలెట్టింది. తర్వాత వాలడం మానేసి, వణకడం మొదలెట్టింది. ఈరోజు ఎంత వణుకుతుందో చూద్దామని ఆయనకు తెల్లవారకముందే మెలకువ వచ్చేది. డాబా మీద బట్టలారేసుకునే ఇరుగమ్మ పొరుగమ్మలు, పాపం పెద్దాయన దీపంతో మాట్లాడుతున్నాడని జాలిపడ్డారు. ఒకనాడు మెట్లెక్కి వచ్చి రాణి మాటలన్నీ ఏకబిగిన చెప్పాడు. వత్తి మీద మంట గోడకు గీసిన బొమ్మలా నిలబడింది. డాబా ఆ చివర పిండివడియంలా ముడుచుకు కూర్చున్న ముసలమ్మ కళ్ళొత్తుకుంటూ, "ఎవరు నాయనా పోయిందీ?" అనడిగింది.

కాటాని ఆపాటికి మరిచేపోయాడు. భార్య దాన్ని బియ్యం డబ్బా కింద ఎత్తుపీటగా పెట్టింది.

వానలు వెనకబట్టాయి. నాటకం రోజు వచ్చింది. అమ్మగారు మొదటి వరసలో, గూటికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. బాబాయ్ గూట్లోకి దిగాడు. ఇదివరకు సీసాలోకి బిరడా దిగినట్టు దిగేవాడు. ఇప్పుడు మోకాళ్ళు ముడుచుకోవడానికి కూడా చోటు మిగిలింది.

రాజు కత్తిపోటు తిన్నాడు, చచ్చాడు. రాణి కూలబడింది. మౌనం. బాబాయ్ తన ఊపిరి కోసం తనే చెవి పెట్టాడు. ఏమీ వినపడలేదు. అమ్మగారు తల ఒకవైపు వంచి వింది. ఆవిడకీ వినపడలేదు. గండం గడిచిందనుకున్నాడు.

అప్పుడే వచ్చింది అసలు గండం. రాణికీ ఏమీ వినపడలేదు మరి! ఇన్నేళ్ళూ ఆ హుస్ హుస్ శబ్దం నటులందరికీ తోడు. దాన్ని తిట్టుకునేవారు, కానీ అది వినపడినంతసేపూ మాట మరిచినా పట్టుకోవడానికి ఒక చెయ్యి ఉందని ధైర్యం. ఇవాళ గూడు నుయ్యిలా ఉంది. బాబాయ్ లేడు! అనుకుంది రాణి. అనుకున్న మరుక్షణం ఆమె బుర్రలోంచి మాటలన్నీ పిట్టల్లా లేచిపోయాయి. ఆమె కళ్ళు బెదరడం శవం రెప్పల సందులోంచి చూసింది. బాబాయ్ లేడని శవానికీ అర్థమైంది. దాని గుండె గుభేలుమంది. పట్టుబట్ట కింద రాజుగారి పొట్ట పైకీ కిందికీ, పైకీ కిందికీ, గాలికి కొట్టుకునే గుడారంలా ఊగడం మొదలెట్టింది.

వెనక బల్లల్లో అదే గొంతు లేచింది. "ఒరేయ్, శవా..."

బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక నాటకంలో ఒక్క అక్షరం మార్చలేదు. కానీ ఆ కేక పూర్తయ్యేలోగా, వత్తి కదలని ఆ నూలుపోగు గుసగుసతో, నాటకంలో ఎక్కడా లేని మాట ఒకటి రాణి చెవిలో వేశాడు.

రాణి చివాలున లేచింది. "ఊపిరుంది! ప్రభువుకి ఇంకా ఊపిరుంది! ప్రభూ, ఒక్క మాట... ఒక్క మాట చెప్పి వెళ్ళండి!"

కేక వేసినవాడి నోరు మూతపడింది. శవానికి గత్యంతరం లేకపోయింది. కళ్ళు తెరిచి, రాణి చెయ్యి పట్టుకుని, బాబాయ్ అందించిన రెండు మాటలు పలికి, మళ్ళీ చచ్చింది. ఈసారి సుబ్బరంగా చచ్చింది. నాటకశాలంతా వెక్కివెక్కి ఏడ్చింది. ముందు వరసల్లో చెప్పులు తడిశాయని కూడా చెబుతారు.

తెరపడ్డాక రాజు పరుగెత్తుకొచ్చి గూట్లోకి తొంగిచూశాడు. "ఉన్నావా! బతికున్నావా! ఊపిరి లేకపోతే పోయావనుకున్నా కదయ్యా!"

"నువ్వు పోవాల్సింది పోక, నన్ను పంపిస్తావేంటి?"

అమ్మగారు వచ్చింది. గూటి కప్పు మీద చెయ్యి వేసి లోపలికి వంగింది.

"వినపడలేదు," అంది. "గూడు నీదే. రేపట్నుంచి రాజు రెండుసార్లు చస్తాడు, అలాగే ఉంచుదాం." రాజు వైపు తిరిగి, అదే మెత్తటి గొంతుతో, "కానీ నాయనా, నీ పొట్ట చీకట్లో ఉండదు. అందరికీ కనపడుతుంది," అంది.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ ఇంటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే రాజు. కిరీటం లేకపోతే ఆయన ఎవరో ఎవరికీ తెలియదు. తలొంచుకుని, "బాబాయ్, నీ దగ్గర కాటా ఉందటగా, ఓ నెల..." అన్నాడు.

బాబాయ్ వంటింట్లోకి కేకేశాడు. "ఏమేవ్, ఆ బియ్యం డబ్బా కాస్త దించుతావా?"

"దించను," అంది ఆమె లోపల్నుంచి. "ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది. ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్ళండి."

మెట్లన్నీ ఎక్కేసరికి రాజు రైలింజనులా ఉన్నాడు. బాబాయ్ దీపం వెలిగించి, జానెడు దూరంలో ఆయన్ని కూర్చోబెట్టి, పక్కనే మఠం వేసుకుని కుతూహలంగా ముందుకు వంగాడు. రాజు గొంతు సవరించుకుని నోరు తెరిచాడు. మాట ఇంకా రానేలేదు, దీపం ఆరిపోయింది. తీగమీద ఆరేసిన పొరుగమ్మ చీర కూడా ఎగిరిందంటారు.

వెనక మెట్ల మీంచి గాజుల చప్పుడు వినపడింది. "అగ్గిపెట్టె తెచ్చానండీ," అంది బాబాయ్ భార్య. "రెండు తెచ్చాను."