నాకు పెట్టిన బొట్టు

నేను ఒక ముసలి కంప్యూటర్ని. నన్ను కన్న కంపెనీ పేరు అడక్కండి, లేదు. కాకినాడలో ఒకాయన పెట్టె ఒకచోట, ఫ్యాను ఒకచోట, మెదడు ఇంకోచోట కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకుని నన్ను బిగించాడు. కొత్తలో తెల్లగా, ముద్దుగా ఉండేదాన్ని. ఇప్పుడు నా రంగేమిటో రంగుల కొట్టువాడు కూడా చెప్పలేడు.

మొదట ఒక ట్యుటోరియల్ కాలేజీ వాళ్ళు కొన్నారు. అక్కడ పిల్లలకి నా మీద పాఠాలు చెప్పాలి. మాస్టారు తలుపేసుకుని పేకాట ఆడుకునేవాడు, పాపం, నాతో ఆడి కూడా ఓడిపోయేవాడు. ఆ కాలేజీ మూతపడ్డాక తునిలో నూకరత్నం చేతికొచ్చాను. బస్టాండు పక్క సందులో ఆవిడది శుభలేఖలు టైపు చేసే షాపు.

నూకరత్నం టైపింగ్ చూసి తీరాలండీ! కళ్ళు వీధిలో ఉంటాయి, నోరు పక్కషాపు ఆవిడతో ఉంటుంది, వేళ్ళు మాత్రం నా మీద పరుగెడుతూ ఉంటాయి. కానీ ఆవిడకి వచ్చింది పాతరకం తెలుగు టైపింగ్ ఒక్కటే. అది నాలాంటి ముసలిదాంట్లో తప్ప నడవదు. కొత్త వాటిలో అక్షరాలన్నీ ఇళ్ళు మారిపోయాయట. నేను పోతే ఆవిడ పని పోయినట్టే. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

అందుకే నేనంటే అంత భక్తి. శుక్రవారం వచ్చిందంటే చాలు, నాకు పసుపు తడిపి రాసి, మీద ఇంత కుంకుమబొట్టు. ఎక్కడ పెడుతుందీ? నా ముఖం మధ్యలో గుండ్రంగా ఓ మీట ఉంది. నన్ను లేపే మీట అదే. బొట్టు పెట్టడానికే దాన్నక్కడ పెట్టారనుకుంది కాబోలు, సరిగ్గా దాని మీదే పెడుతుంది. పాతబొట్టు తుడవదు, దాని మీదే కొత్తది.

ఆ ముద్ద ఎండి, మీట సందుల్లోకి దిగి గట్టిపడింది. నొక్కితే మీట లోపలికి పోతుంది గానీ పైకి రాదు. మీట వదలకుండా నొక్కిపట్టుకుంటే ఆరిపోవాలని మా జాతికి నియమం. నేను వెలిగేదాన్ని, నాలుగు ఊపిర్లు తీసుకునేలోపే ఆరిపోయేదాన్ని. నెత్తిన ఒక్కటి మొట్టితే మీట కాస్త వదులై నడిచేదాన్ని. నడిచిన ప్రతిసారీ నూకరత్నం నాకు దణ్ణం పెట్టి, వచ్చే శుక్రవారం బొట్టు ఇంకాస్త పెద్దది చేసేది. ఏం చెయ్యను చెప్పండి? నోరుంటే కదా!

ఓ రోజు మొట్టికాయలకి కూడా లేవలేదు. ఆ రోజే గంగరాజు గారి అమ్మాయి శుభలేఖ సాయంత్రానికల్లా ప్రెస్సుకి వెళ్ళాలి. ఆయన పొద్దున్నే వచ్చి స్టూలు మీద బైఠాయించాడు.

"అమ్మాయ్, అవదంటే చెప్పెయ్, ఎదురు షాపుకి పోతాను. ఆహ్వానించువారిలో మా తోడల్లుడి పేరు లేకపోతే పెళ్ళికి రాడు, వాడు రాకపోతే మా ఆవిడ పీటల దగ్గరకే రాదు."

"అయ్యో బాబాయిగారూ, క్షణంలో అయిపోతుంది," అని నూకరత్నం మెకానిక్ త్రిమూర్తులుకి ఫోన్ చేసింది.

త్రిమూర్తులు మంచివాడే. చెయ్యి ఖాళీగా ఉండలేడు, అంతే. వస్తూనే వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. కరెంటు పెట్టె మార్చాడు. మెమరీ కార్డు ఊడదీసి, రబ్బరుతో రుద్ది, ఉఫ్ఫుమని ఊదాడు. లోపల బొత్తాం అంత బ్యాటరీ మార్చాడు. ఫ్యాన్లోంచి ఓ బల్లిగుడ్డు కూడా తీశాడు. మార్చిన ప్రతిసారీ తన వేలితోనే నా బొట్టు మీద నొక్కాడు, ఆ వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఓరి నాయనా, ఆ ఎరుపేమిటని ఒక్కసారి ఆలోచించరాదట్రా!

"మదర్‌బోర్డు పోయిందక్కా. ఇంక దీనికి దణ్ణం పెట్టెయ్. తూకానికి ఇచ్చేద్దాం," అన్నాడు చివరికి.

గంగరాజు గారు లేచి చెప్పులేసుకున్నాడు. నూకరత్నం కూలబడి, నా వంక చూసి బావురుమంది. "నాకింకోటి రాదే తల్లీ. నువ్వు పోతే నేనేం చేసుకుని బతకనే?" అంది. నాకు గుండె ఉంటే అప్పుడే పగిలేది. గంగరాజు గారు కూడా ఆ ఏడుపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, తడిగుడ్డ తెచ్చింది. "పసుపూ కుంకుమతో ఉన్నదాన్ని తక్కెట్లో ఎలా పెట్టిస్తానురా? పాపం కదూ," అంటూ నా ముఖం కడగడం మొదలెట్టింది. పిన్నీసుతో సందులు గీకింది. పెళుసుగా, ఎర్రగా పెచ్చులు రాలాయి.

టక్‌మని మీట పైకి లేచింది.

నూకరత్నం చెయ్యి ఆగింది. గుడ్డ చూసింది, మీట చూసింది, నొక్కింది. నేను లేచి కూర్చున్నాను. సంగతంతా అర్థమై ఆవిడ ముఖం రంగు మారింది. గుడ్డని గబుక్కున కుర్చీ కిందకి తన్నేసింది.

"ఎలా లేచిందక్కా?" అన్నాడు త్రిమూర్తులు నోరు తెరిచి.

"నువ్వు మార్చిన బ్యాటరీయేరా తమ్ముడూ, కాస్త ఆలస్యంగా ఎక్కినట్టుంది," అంది నూకరత్నం, కళ్ళు నా మీంచి తిప్పకుండా. "వెళ్ళకండి బాబాయిగారూ, తోడల్లుడిగారి పేరు చెప్పండి."

సాయంత్రానికి శుభలేఖ ప్రెస్సుకి వెళ్ళింది. ఆయన షాపు మెట్లు దిగాక కూడా వెనక్కొచ్చి ఇద్దరు బావమరుదుల్ని చేర్పించాడనుకోండి, అది వేరే సంగతి.

ఆ వారంలోనే నా పక్కన ఓ కొత్త కంప్యూటర్ వచ్చింది. త్రిమూర్తులు నేర్పుతున్నాడు. నూకరత్నం దాని ముందు కూర్చుని, ఒక్క వేలితో, చంటిపిల్ల అడుగులేసినట్టు అక్షరాలు వెతుక్కుంటుంది. విసుగొస్తే "పోవే!" అని దాన్ని తిట్టి, ఇటు తిరిగి నా మీద టకటకా కొట్టేస్తుంది. మొదట్లో గంటకోసారి తిరిగేది. తర్వాత పూటకోసారి. మొన్న పొద్దున కూర్చున్న మనిషి షాపు కట్టేదాకా ఇటు ఒక్కసారీ తిరగలేదు.

ఏడుపొచ్చింది, అబద్ధం చెప్పను. ఇంక నేను ఎప్పుడు ఆరిపోయినా ఆవిడ బతుక్కి ఏం ఫర్వాలేదని తెలిసి వచ్చిన ఏడుపది.